ఊళ్ళు మింగినవాడి పేరు

మీరే చేశారీ పని. ఇంకొకళ్ళ మీదికి నెట్టకండి. ఆ ఎత్తుబల్ల వెనక నీళ్ళసీసాలు ముందు పెట్టుకుని కూర్చున్న మీ అయిదుగురూ, మీ వెనక గోడ మీద అద్దాల చట్రాల్లో బిగుసుకుపోయిన మీ తాతలూ, మీ బళ్ళూ, మీ పాఠాలూ, మీ ఉత్సవ కమిటీలూ. ఒక మనిషిని ఉతికి గంజి పెట్టి ఇస్త్రీ చేసి మడత నలగకుండా ఇన్ని తరాలు దాచుకున్నారు. ఆయన తగలబెట్టింది ఒక్క ఏడాది. ఆ మంటని ప్రతి ఏడూ ప్రతి పిల్లవాడి తలలోంచీ తుడిచేస్తూ వచ్చింది మీరు. ఎవరిది పెద్ద తప్పు? చెప్పండి, ఎవరిది? అని అడుగుతోంది వెర్నా స్కై, మనసులోనే, వెదర్‌బీ టౌన్ హాల్లో ఆఖరి బెంచీ మీద కూర్చుని, పెదవి కదపకుండా. ఆమె వంతు ఇంకా రాలేదు. శనివారం పొద్దుటి ఎండ కిటికీలోంచి వచ్చి సరిగ్గా ఆ పటం మీదే పడుతోంది. దేశం పుట్టి రెండువందల యాభై ఏళ్ళు నిండుతున్నాయని ఊరి బయట గుట్ట మీద నిలబెట్టబోయే విగ్రహం తాలూకు రంగుల పటం. గుర్రం, గుర్రం మీద జార్జ్ వాషింగ్టన్, కింద నల్లరాతి దిమ్మె, దిమ్మె మీద చెక్కబోయే మాట: ‘ఈ అడవికి వెలుగు తెచ్చిన సేనాని.’ ఆ మాట ఉంటుందా పోతుందా అన్నది ఇవాళ తేలాలి. పోయినేడు ఇదే గదిలో నలుగురొకవైపూ ఒకడొకవైపూ చెయ్యెత్తి, తెల్లవాళ్ళ కంటే ముందునించీ ఈ నేల మీదున్న సెనెకాల మాట, వెర్నావాళ్ళ మాట, తోసేశారు. ఇవాళ కూడా తోసేస్తే ఆ అబద్ధం రాయైపోతుంది, రాయైపోయాక దాంతో ఎవరు వాదిస్తారు?

అడవట. అడవిలో పీచ్ తోటలుంటాయా, వరస తప్పకుండా, పాదులు తీసి, కొమ్మలు కత్తిరించి? అడవి తనంతట తానే చిక్కుడు తీగని మొక్కజొన్న కాడకి ఎక్కిస్తుందా, కింద గుమ్మడిపాదు పాకించి కలుపు రాకుండా చూసుకుంటుందా? ఆ గుట్ట మీద ఊరుండేది. ఊరంటే ఊరే, చెక్క ఇళ్ళు, కొన్నిటికి అద్దాల కిటికీలు. తగలబెట్టడానికి వచ్చిన సిపాయిలే నోళ్ళు తెరిచి చూశారు, మోచేతి పొడుగు కంకులని ఇళ్ళకి ఉత్తరాలు రాసుకున్నారు, రాసుకుని తగలబెట్టారు. వాషింగ్టన్ ఆజ్ఞ అలాంటిది మరి: ఊళ్ళ మీదుగా నడిచొస్తే చాలదు, ఊళ్ళు మిగలకూడదు. నలభై ఊళ్ళు. గింజ పాలుపోసుకుని గట్టిపడే వేళ చూసి మరీ వచ్చారు, అంటే తిండి మీదికే వచ్చారు, మనుషుల మీదికి కాదు. కాదు, మనుషుల మీదికే, తిండి లేకపోతే మనుషులేమవుతారు? చలికాలం, ఊళ్ళు పోయిన సెనెకాలు నయాగరా కోట పక్కన మంచులో గోతులు తవ్వుకుని పడుకున్నారు, తెల్లారేసరికి కొందరు లేవలేదు. వెర్నాకి వాళ్ళ అమ్మమ్మ చేతులు గుర్తొస్తున్నాయి, పొట్టు వెనక్కి లాగి కంకుల్ని జడలల్లే ఆ చేతులు. పిల్ల జడ ఎంత గట్టిగా లాగేదో కంకుల జడా అంత గట్టిగానే లాగేది, ఏడిస్తే ‘ఊరుకోవే, కంకి ఏడిచిందా?’ అనేది. ఆ గింజలు ఎక్కడివి అమ్మమ్మా అంటే, పావడా అంచులో కుట్టుకుని మంచులోకి నడిచిన ఆడదానివి అనేది, ఆ ఆడదాని పేరు తెలుసు, ఆమె కూతురి పేరూ తెలుసు, ఆ కూతురి కూతురి పేరూ తెలుసు, అలా దిగుతూ దిగుతూ వచ్చి ‘నువ్వు’ అని వెర్నా ముక్కు మీద వేలేసేది. ఆ తెల్ల మొక్కజొన్న ఇవాళ సెనెకాలకి మిగిలిన టోనవాండా నేలలో వెర్నా పెట్రోలు బంకు వెనక నిలువెత్తు పెరుగుతుంది. లారీవాళ్ళు పెట్రోలు కొట్టించుకుంటూ చూసి, ‘ఏమ్మా, ఇదేం రకం, ఇంత పొడుగుంది’ అంటారు. మీ మొదటి అధ్యక్షుడు చంపుదామనుకుని చంపలేకపోయిన రకం అంటుంది. వాళ్ళు నవ్వుతారు. తమాషాకి అంది అనుకుంటారు.

గణగణమని గంట. మైకు దగ్గరున్నవాడి మూడు నిమిషాలు అయిపోయాయి. పక్కకి జరిగాడు, వెనకవాడు ముందుకొచ్చాడు. వరస హాలు బయట మెట్లదాకా ఉంది, అంతా సెనెకాలే. ఇప్పుడు నీళ్ళకి దణ్ణం పెడుతున్నారు. మనిషికో మూడు నిమిషాలు, ఇది వెదర్‌బీ వాళ్ళ రూలు. ఈ రూలే పోయినేడు కొంప ముంచింది. వెర్నా మేనమామ హార్లన్, జాతి మొత్తంలో అంత చక్కగా మాట్లాడేవాడు లేడని పేరు, కోటు వేసుకుని మైకు ముందు నిలబడ్డాడు. నిలబడి, ఏ సభలోనైనా మొదట చెప్పవలసిన మాటలు మొదలెట్టాడు. అవి లేకుండా సెనెకా మనిషి పెళ్ళి మాటలైనా ఆడడు, పొలం తగువైనా ఆడడు. ముందు ఒకళ్ళనొకళ్ళు బతికి కనపడ్డందుకు మనుషులకి దణ్ణం, తరవాత కాళ్ళకింది నేలకి, తరవాత నీళ్ళకి, చేపలకి, మొక్కలకి, పంటలకి, మృగాలకి, చెట్లకి, పిట్టలకి, గాలులకి, ఉరుములకి, సూర్యుడికి, చంద్రమ్మకి, చుక్కలకి. అన్నిటినీ పిలిచి కూర్చోబెట్టాకే విషయం. హార్లన్ మామ చేపల దగ్గర ఉండగా గంట మోగింది. ఆయనకి ఆ గంట ఎందుకో కూడా తెలియలేదు, ఎక్కడో ఎవరో భోజనానికి పిలుస్తున్నారనుకుని మొక్కల్లోకి వెళ్ళాడు. మైకు కట్టేశారు. మైకు లేకుండానే పంటలదాకా వెళ్ళాడు. అప్పుడు మేయరు డన్‌లీవీ, ‘పెద్దాయనా, చేపల మీద మాకు ఏ అభ్యంతరమూ లేదు’ అన్నాడు. హాలంతా గొల్లుమంది. వాషింగ్టన్ పేరు ఎత్తకుండానే హార్లన్ మామ కూర్చున్నాడు. ఆ నవ్వు వెర్నా చెవిలో ఏడాది పొడుగునా ఉంది, పెట్రోలు పైపు పట్టుకున్నా ఉంది, నిద్రలో ఉంది.

పోయినేడు ఆ సభనించి ఇంటికొచ్చేశారు. ఆల్టా పెద్దమ్మ వంటింట్లో, బూడిదనీళ్ళలో ఉడికిన గింజల్ని బుట్టలో పోసి కుళాయి కింద తిప్పుతూ, పొట్టు కొట్టుకుపోతుంటే చూస్తూ అంది. ‘తమ్ముడూ, నువ్వు ఎక్కడ ఆగావు?’

‘పంటల దగ్గర. ఇంకెక్కడ, మైకు పీకేశాక. వదిలెయ్యక్కా, పరువు పోయింది.’

‘పరువు సంగతి కాదురా అడిగింది. మళ్ళీ వెళ్ళినప్పుడు పంటల దగ్గర నీ తరవాతివాడు అందుకోవాలి కదా.’

‘తరవాతివాడెవడు?’

‘మనిషికి మూడు నిమిషాలన్నారు. మనకి మనుషులే కరువా?’ పెద్దమ్మ బుట్ట ఒక్క కుదుపు కుదిపింది. ‘మూడు నిమిషాల చొప్పున అందరం కలిసి మొత్తం చెపుదాం. వాళ్ళ రూలే. వాళ్ళే కూర్చుని వింటారు. విన్నాక విషయం వెర్నా చెపుతుంది.’

వెర్నా చేతిలో గిన్నె జారింది. ‘నేనా? మన ఆడవాళ్ళు నలుగురిలో నిలబడి మాట్లాడరు కదా పెద్దమ్మా. మాట్లాడేవాణ్ణి నిలబెడతాం అంతే.’

‘అది నాకు నేర్పుతున్నావుటే?’ తోడేలు వంశానికి పెద్దది ఆమె, నాయకుడికి కొమ్ముల కిరీటం పెట్టేదీ ఆమే, తప్పుచేస్తే పీకేసేదీ ఆమే. ‘ఆయన తగలబెట్టిన పొలాలు ఎవరివి? మీ మామవా? మన మగవాళ్ళకి ఏనాడైనా పొలముందా? విల్లుంది, పడవుంది, నోరుంది. పొలం మనది, ఇల్లు మనది, గింజ మనది. ఎవరి సొత్తు కాలిందో వాళ్ళే అడగాలి. ఒరే తమ్ముడూ, నీకేమైనా బాధా?’

హార్లన్ మామ గింజ ఒకటి నోట్లో వేసుకుని, ‘నాకు చేపలు మిగిల్చండి చాలు’ అన్నాడు, ఆ రోజు మొదటిసారి నవ్వారందరూ.

గంట. చేపలు. హార్లన్ మామే. అదే కోటు. ఈసారి గంటకి సరిగ్గా ఆగి, మేయరు వైపు చూసి తల వంచి పక్కకి జరిగాడు. వెనకాల చుట్టాల కుర్రాడు డేల్, లాక్రాస్ బంతాట ఆడేవాడు, మొక్కలందుకున్నాడు. డన్‌లీవీకి ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. వేళ్ళతో బల్ల మీద వాయిస్తున్నాడు, మెడ ఎరుపెక్కింది. ‘బాబూ, విషయానికి రండి’ అన్నాడు. డేల్ ‘వస్తున్నామండీ, దారి కొంచెం దూరం’ అన్నాడు. వెనకనించి ఎవరో కిసుక్కుమన్నారు. ఈ నవ్వు వేరు. ఈ నవ్వు మనది. టౌను లాయరు వంగి డన్‌లీవీ చెవిలో గుసగుసలాడాడు, మైకు ఆన్‌లోనే ఉందని మరిచిపోయాడు, అందరికీ వినపడింది: ‘మూడు నిమిషాల్లో వాళ్ళేం చెప్పాలో మనం చెప్పకూడదు. ఆపితే కోర్టుకెళతారు. వెళితే మనం ఓడిపోతాం.’ ఓడిపోతాం. ఆ మాట వెర్నా గుండెలో చల్లగా దిగింది, ఎండాకాలం మొదటి గుక్క నీళ్ళలాగా. పంటలు. ముగ్గురు అక్కచెల్లెళ్ళు, మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి. చెప్పేవాడు గుట్ట వైపు తిరిగి చెప్పాడు, ఈ గదికి కూతవేటు దూరంలోని గుట్ట మీదే కదా వాళ్ళు కాలిపోయింది.

గాలాడటం లేదు, ఎవరో కిటికీ తెరిచారు, కోసిన గడ్డి వాసన. ఆ గుర్రం మీది ఆయన్ని ఏం చెయ్యాలి అసలు? చిన్నప్పుడు పొడుగింట్లో, జాతంతా కూడే చోట, చెక్కబల్లల మీద కాళ్ళూపుతూ, సెనెకాల పాత ప్రవక్త మాటలు వల్లించే రోజుల్లో విన్నది ఇప్పటికీ మింగుడుపడదు. స్వర్గానికి వెళ్ళే దారిలో, గుమ్మానికి ఇవతల, కంచె కట్టిన ఇంట్లో ఒక తెల్లవాడున్నాడు, సైనికుల బట్టలు వేసుకున్నాడు, పక్కన కుక్క ఉంది, ఇటు నడుస్తాడు, అటు నడుస్తాడు, మాట్లాడడు. వాషింగ్టనే. తెల్లవాళ్ళలో అంతదూరం వచ్చినవాడు ఆయనొక్కడేనట, యుద్ధం అయ్యాక మీ ఇళ్ళకి మీరు పొండని సెనెకాలతో సంధి చేశాడు గనక. మరి లోపలికెందుకు రానివ్వలేదు? అని అడిగింది చిన్న వెర్నా. హార్లన్ మామ చెవిలో చెప్పాడు: ‘ఏ మొహంతో వస్తాడే?’ మాట్లాడడెందుకు? ‘ఏముంది చెప్పడానికి?’ అదీ తీర్పంటే. అటు నరకమూ కాదు, ఇటు స్వర్గమూ కాదు. ఊళ్ళు తగలబెట్టింది నిజం, సంధి చేసింది నిజం, రెండూ తూచి గుమ్మం బయట నిలబెట్టారు పెద్దవాళ్ళు, రెండువందల ఏళ్ళ కిందటే. ఏ ప్రొఫెసరు ఇంత నిక్కచ్చిగా తూచాడు? మీరు మాత్రం ఆయన్ని లోపలికి తీసుకుపోయి దేవుడి పక్కన కుర్చీ వేశారు. మేం ఇంకా ఒప్పందం మీద నిలబడే ఉన్నాం. ఆయన సంతకం పెట్టిన ఒప్పందం ప్రకారం ఏటా ఆనాటి సొమ్ముకి ఎంతొస్తే అంత గుడ్డ వస్తుంది, నేటికీ వస్తుంది, డబ్బిచ్చేస్తాం వదిలెయ్యండంటే వద్దు గుడ్డే కావాలన్నాం. ఆల్టా పెద్దమ్మ తన ముక్కని వెలుతురులోకి పట్టుకుని, ‘ఆ రోజుల్లో ఒళ్ళంతా కప్పేదట, ఇప్పుడు మడతపెడితే ముక్కు తుడుచుకోడానికి కూడా చాలదు’ అంటుంది, అంటూనే మడతపెట్టి పెట్టెలో దాస్తుంది. గుడ్డ ఆగితే మాట తప్పారని అర్థం. కాబట్టి తీసుకుంటాం. ఆయన మాట ఆయనకంటే మేమే బాగా నిలబెడుతున్నాం.

గంట. మృగాలు. గంట. చెట్లు. చెట్లన్నిటికీ పెద్ద మేపుల్, చలి ఇంకా వదలకముందే అందరికంటే ముందు లేచి తియ్యటి నీళ్ళిచ్చేది, ఆకలి నెలల్లో పిల్లల్ని బతికించేది. ఎత్తుబల్ల చివర కూర్చున్న ఎర్ల్ ఫిచ్ తలెత్తాడు. డెబ్బై ఏళ్ళవాడు, మేపుల్ పాకం కాచి అమ్ముకుంటాడు, పోయినేడు సెనెకాలకి ఎదురు చెయ్యెత్తిన నలుగురిలో ఒకడు. మైకు దగ్గరున్న ముసలాయన మేపుల్‌కి దణ్ణం పెడుతుంటే ఎర్ల్ పెదవులు కదులుతున్నాయి. నిద్రపోతున్నాడనుకుంది వెర్నా. కాదు. చేతిలో పెన్ను కింద పెట్టేశాడు. తనకి తెలిసిన ఒక్క దేవుడి పేరు పరాయివాళ్ళ నోట విన్నవాడిలా కూర్చున్నాడు. గంట మోగింది. గుమాస్తా పిల్ల గంట మీదినించి చెయ్యి తీసేలోగా ఎర్ల్ అన్నాడు: ‘ఆయన్ని పూర్తి చెయ్యనివ్వమ్మా. చెట్టు సంగతి సగంలో ఆపకూడదు.’ డన్‌లీవీ గుర్రుమన్నాడు. అయినా ముసలాయన పూర్తిచేశాడు.

పిట్టలు, గాలులు, ఉరుములు. తన వంతు దగ్గర పడుతోంది. ఏం చెప్పాలి? వాళ్ళేమంటారో తెలుసు. మీరు ముందు కొట్టలేదా, అంతకుముందు ఏడు చెర్రీ వ్యాలీలో మీవాళ్ళు పసిపిల్లల్ని చంపలేదా అంటారు. చంపారు. రాయండి దాన్ని కూడా రాతి మీద, నేను వద్దనను, మావాళ్ళ పేర్లతో రాయండి. మా తప్పు మేము కడిగి దాచుకోలేదు. చెర్రీ అంటే గుర్తొస్తోంది, ఎనిమిదేళ్ళప్పుడు బళ్ళో, ఫిబ్రవరిలో వాషింగ్టన్ పుట్టినరోజుకి, ఎర్రకాయితంతో చెర్రీ పళ్ళు కత్తిరించి అట్ట గొడ్డలికి అంటించమన్నారు. చిన్న వాషింగ్టన్ చెట్టు నరికి నాన్నతో నిజం చెప్పేశాడట, ఎంత నిజాయితీపరుడో చూడండర్రా అన్నది పంతులమ్మ. అది ఎవడో అల్లిన కథ, జరగనే లేదు. మీ ఇంట్లో ఆయన్నేమంటారు వెర్నా, అని అడిగింది ముద్దుగా. చెప్పింది. హనోదగాన్యస్. అంటే ఏమిటమ్మా? ఊళ్ళు మింగినవాడు. క్లాసు నవ్వింది. పంతులమ్మ నవ్వలేదు, వెర్నా ముందునించి జిగురు సీసా తీసేసుకుంది. అంతే. తిట్టలేదు, కొట్టలేదు, జిగురు తీసేసుకుంది. ఆ గదిలో ఒక్క వెర్నా గొడ్డలికే పళ్ళు లేవు. అమ్మమ్మకి చెపితే అంది, ఆయన మొహం మీదే అన్నారే మనవాళ్ళు, సంధికి వెళ్ళినప్పుడు, నీ పేరు వింటే మా ఆడవాళ్ళు వెనక్కి తిరిగి చూసుకుంటారని. ఆయన విన్నాడు. ఆయనే విన్న మాట వినడానికి నీ పంతులమ్మకేం రోగం?

సూర్యుడు, చంద్రమ్మ, చుక్కలు. ‘అలాగే ఉండనీ మన మనసు’ అని దణ్ణం ముగించారు మెట్లదాకా నిలబడ్డవాళ్ళంతా, గది కిటికీలు గలగల్లాడాయి. వెర్నా లేచింది. ఆల్టా పెద్దమ్మ వెనకనించి నడుం మీద ఒక్క పోటు పొడిచింది, ‘నడవ్వే’.

మైకు ఎత్తు సరిచేసుకుంది. రాసుకున్నవి గుర్తు రాలేదు, వచ్చిన మాటలు వచ్చాయి. ‘నేను కాలిన పొలాల ఆడదాన్ని’ అంది. ‘మీ బొమ్మ పీకమని అడగడానికి రాలేదు. పెట్టుకోండి. గుర్రం మీద పెట్టుకోండి, రెండు గుర్రాల మీద పెట్టుకోండి. ఆయన దేశం కట్టాడంటారు, కట్టాడు. మా ఊళ్ళు కాల్చాడంటాం, కాల్చాడు. నరకని చెర్రీ చెట్టుకి ఒప్పుకున్నాడని ఆయన్ని మెచ్చుకుంటారు మీరు. నరికించిన పీచ్ తోటలు ఎవరొప్పుకుంటారు? ఆయన ఒప్పుకోడు, పోయాడు. మీరున్నారు. అడవి అని రాస్తే మా అమ్మమ్మల అమ్మమ్మలు మృగాలని రాసినట్టు. వాళ్ళు రైతులు. ఆ మాట తీసెయ్యండి. ఆయనకి మేము పెట్టిన పేరు రాయండి. తిట్టు కాదది. బిరుదు. చేసిన పనికి ఇచ్చిన బిరుదు. ఆయన తరవాత అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్న ప్రతివాణ్ణీ అదే పేరుతో పిలుస్తున్నాం ఇవాల్టికీ.’ గంట ఇంకా మోగలేదు. ఇంకా సమయం ఉంది. మూడు నిమిషాలు ఇంత పొడుగా! ఏమీ అనకుండా నిలబడింది. ఆ నిశ్శబ్దం అంతా ఆమెదే, రూలు ప్రకారం ఆమెదే, ఎవరూ తీసుకోలేరు. మోగింది.

ఆమె మాటకి ఒప్పుకునేవాళ్ళని చేతులెత్తమన్నారు. పోయినేటి ఒక్కడూ ఎత్తాడు, తోడు లేక ఏడాదంతా ఊళ్ళో మాటలుపడ్డ మందులషాపు ఆయన. పక్కనున్న కుర్ర టీచరమ్మ ఎత్తింది, డన్‌లీవీ వైపు చూడకుండా. ఇద్దరు. చాలదు. ఎర్ల్ ఫిచ్ తన చేతిని తనే ఎవరిదో అన్నట్టు చూసుకుని, పాకం మరకలు పోని ఆ చేతిని మెల్లగా పైకెత్తాడు. మూడు. మూడు! బయట మెట్ల మీద ఎవరో కేకపెట్టారు, కేక మీద కేక, హార్లన్ మామ ఎగరబోయి కోటు చిరిగింది, ఆల్టా పెద్దమ్మ ఎవర్నో తిడుతూ ఏడుస్తోంది. వెర్నా అరికాళ్ళ కిందనించి ఏదో లేచి ఒళ్ళంతా పాకింది. అమ్మమ్మ, అమ్మమ్మ అమ్మమ్మ, పావడా అంచు బరువుగా మంచులో నడిచిన ఆ ఆడది, అందరూ ఒక్కసారి ఆమెలోంచి నిటారుగా నిలబడ్డారు. గెలిచాం. పొరపాటున కాదు, జాలిపడి ఇచ్చింది కాదు, వాళ్ళ గంట కిందే, వాళ్ళ రూలు మీదే, మన దణ్ణం మొత్తం పెట్టుకుని మరీ గెలిచాం.

డన్‌లీవీ గొంతు సవరించుకున్నాడు. ‘సంతోషం. మీ కోరిక ప్రకారం అడవి మాట తీసేస్తాం. మీరు పెట్టిన పేరు కూడా, వెనకవైపు, పూలమొక్కల దగ్గర, చిన్న ఇత్తడి రేకు మీద వేయిద్దాం. ఇక కూర్చోండి స్కై గారూ.’

వెర్నా కూర్చోలేదు. గంట చూసే పిల్ల గంట వైపు చెయ్యి చాచి, ఎర్ల్ మొహం చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

‘రేకు వద్దు. వెనకవైపు వద్దు. దారిన పోయేవాడికి ఎదురుగా, ముందువైపు, ఆయన పేరు ఎంత అక్షరమో మేము పెట్టిన పేరూ అంతే అక్షరం. పైన మా భాషలో, కింద మీ భాషలో, వేలు పెడితే దిగేంత లోతుగా చెక్కండి. ఏటా బడి తెరిచిన రోజున పిల్లల్ని ఆ గుట్ట ఎక్కించి పైకి చదివించండి. ఎవరి చేతిలోంచీ ఏదీ లాక్కోకండి. అదంతా సోమవారం చెయ్యండి. ఇవాళ చెయ్యాల్సింది ఒకటుంది. పిల్లల చేత అనిపించే ముందు మీ నోళ్ళు తిరగాలి కదా. మీ అయిదుగురూ, ఒకరి తరవాత ఒకరు, మైకులో, ఈ ఊరంతా వినేట్టు, ఆయన పేరు అనండి. రాకపోతే నేను నేర్పుతాను, నాకు తొందరేం లేదు. హనో. దగా. న్యస్. మొదట మీరు, మేయరు గారూ. ఊఁ, అనండి.’